లెన్వాటినిబ్ పని చేయడం మానేస్తే తర్వాత ఏంటి?

ప్రశ్న:
అమ్మకి పాపిల్లరీ థైరాయిడ్ క్యాన్సర్, ఊపిరితిత్తులకి పాకింది. రేడియో అయోడిన్ (క్యాన్సర్ కణాలు పీల్చుకుంటే వాటిని చంపే రేడియేషన్ మందు) కణాలకి ఎక్కట్లేదని లెన్వాటినిబ్ మాత్రలు మొదలుపెట్టారు, బాగానే అదుపులోకి వచ్చింది. ఈసారి సీటీలో ఒక గడ్డ పెరిగింది, థైరోగ్లోబులిన్ (ఈ క్యాన్సర్ ఎంత ఉందో సూచించే రక్త పరీక్ష) కూడా పెరుగుతోంది. మందుకి రెసిస్టెన్స్ వచ్చేసినట్టేనా, అంటే ఇక లొంగదా? ఇంక దారి లేదా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
ఒక్క గడ్డ పెరిగితే మందు మొత్తం పోయినట్టు కాదండి. మిగతావి కదలకుండా ఉంటే ఆ ఒక్కదానికి రేడియేషన్ ఇచ్చి అదే మందు కొనసాగించడం కూడా ఉంది. ముందు ఒకటి చెప్పండి, మధ్యలో మాత్రలు ఆపారా? మామూలుగా 24 ఎంజీతో మొదలుపెడతారు, బీపీ, విరేచనాలు, నీరసం తట్టుకోలేక చాలామంది తగ్గించుకుంటారు.

జవాబు 2:
లెన్వాటినిబ్ ముఖ్యంగా గడ్డకి కొత్త రక్తనాళాలు రాకుండా ఆపుతుంది. కొన్నాళ్ళకి కణాలు మెట్ (కణాలు పెరగడానికి సంకేతమిచ్చే ప్రోటీన్) లాంటి వేరే దారి పట్టుకుంటాయి. మెట్‌ని కూడా అడ్డుకునే కాబోజాంటినిబ్‌కి అమెరికాలో 2021లో సరిగ్గా ఈ దశకే అనుమతి వచ్చింది. కానీ మందు మార్చేముందు జీన్ టెస్ట్ (ఎన్‌జీఎస్) అయిందో లేదో గట్టిగా అడగండి, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం ఇదే. ఆ టెస్ట్‌లో ఏ జీన్ మార్పు కనిపిస్తే దానికి తగ్గ మందు ఇస్తారు: రెట్ ఫ్యూజన్ (రెట్ జీన్ వేరే జీన్‌తో అతుక్కోవడం) ఉంటే సెల్పెర్‌కాటినిబ్, ఎన్‌ట్రక్ ఫ్యూజన్ ఉంటే లారోట్రెక్టినిబ్, బ్రాఫ్ వీ600ఈ ఉంటే డాబ్రాఫెనిబ్, ట్రామెటినిబ్ కలిపి. వీటికీ రెసిస్టెన్స్ వస్తుంది, ఉదాహరణకి రెట్ జీన్‌లో జీ810 దగ్గర మార్పు వస్తే సెల్పెర్‌కాటినిబ్ అక్కడ అతుక్కోలేదు. అందుకే పెరుగుతున్న గడ్డ నుంచి కొత్తగా బయాప్సీ తీయగలిగితే మంచిది. కుదరకపోతే ఆపరేషన్ అప్పుడు తీసిన గడ్డ ముక్కని దాచిన మైనపు బ్లాక్ పెథాలజీలో ఉంటుంది, దానిమీదైనా చేయించండి.

జవాబు 3:
రీడిఫరెన్షియేషన్ గురించి కూడా అడగండి. కొన్ని వారాలు మాత్రలిచ్చి, కణాలు మళ్ళీ అయోడిన్ పీల్చుకునేలా చేసి, అప్పుడు రేడియో అయోడిన్ ఇస్తారు. 2013లో వచ్చిన, సెల్యుమెటినిబ్ అనే అలాంటి మందుతో చేసిన అధ్యయనంలో 20 మందిలో 12 మందికి అయోడిన్ పట్టడం పెరిగింది, 8 మందికి చికిత్సకి సరిపడా పట్టింది. అందరికీ పనిచేయదు, అందుకే ముందు జీన్ రిపోర్ట్ కావాలి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ థాంక్సండీ. అమ్మ అరికాళ్ళు పగిలి బాత్రూమ్ దాకా కూడా నడవలేక అప్పుడప్పుడు మాత్ర మానేసేది, ఈ మాట డాక్టర్‌కి చెప్పలేదు. ఎన్‌జీఎస్ కూడా చేయలేదు.

జవాబు 1:
అయితే మానేసిన రోజులన్నీ కాగితం మీద రాసి తీసుకెళ్ళండి. బీపీ రీడింగులు, యూరిన్ ప్రోటీన్ రిపోర్ట్ కూడా ఉంచుకోండి. ఇవి చూస్తేనే డాక్టర్‌కి డోసు సర్దాలో మందు మార్చాలో తెలుస్తుంది. మీ అంతట మీరు మాత్రం పెంచొద్దు, ఆపొద్దు.