ఓపల్‌లో ఉపలం ఉంది, కూబర్ పీడీలో కూపం లేదు

మిత్రులారా, దక్షిణ ఆస్ట్రేలియాలో అడిలైడ్ నుంచి ఉత్తరంగా దాదాపు 850 కిలోమీటర్లు కారులో వెళ్ళి కూబర్ పీడీ చూసొచ్చాం. 1915లో అక్కడ ఓపల్ అనే రంగులు మెరిసే రత్నపు రాయి బయటపడింది, ఊరు ఆ తర్వాత పుట్టింది. ఊరి చుట్టూ కనుచూపు మేరంతా తెల్లటి మట్టికుప్పలు, ఏ కుప్ప పక్కన చూసినా మనిషి పట్టేంత గొయ్యి. పిల్లతో నడవాలంటే టెన్షనే. ఎండకు తట్టుకోలేక జనం కొండల్ని తొలిచి ఇళ్ళు చేసుకున్నారు. మేం దిగిన గదీ అలాంటిదే, ఫ్యాన్ కూడా అక్కర్లేకపోయింది.

గని మట్టిలో ఎవరైనా ఏరుకోవచ్చని వదిలేసిన చోట మా అమ్మాయికి గోరంత ముక్క దొరికింది. పాలవిరుగుడులా తెల్లగా ఉంది. రంగులు పలకని ఇలాంటి రాయిని అక్కడ ‘పాచ్’ అంటారు. తడిపి ఎండలో తిప్పితే ఒక మూల చిలకపచ్చ మెరుపు!

ఇక మాట సంగతి. ఇంగ్లీషు ఓపల్‌కు ముందు లాటిన్ ఓపలుస్, దానికి ముందు గ్రీకు ఓపల్లియోస్, దాని వెనక మన ‘ఉపల’ ఉండొచ్చని నిఘంటువులు చెబుతాయి. అమరకోశం వల్లించినవాళ్ళకు ‘పాషాణ ప్రస్తర గ్రావోపలాశ్మానః’ గుర్తొస్తుంది. ఉపలం అంటే ఉత్త రాయే. చంద్రోపలం చంద్రకాంత శిల, వర్షోపలం వడగల్లు. ఓపల్ లోపల కొంత నీరుంటుందని తెలిశాక, ఈ వర్షోపలం నాకు మరీ ముద్దొచ్చింది.

వ్యాఖ్య: అన్నీ గోతులే అంటున్నారు, మరి ‘కూబర్’ మన కూపమేనా అండీ?

జవాబు: కాదండీ. కూబర్ పీడీకి మూలం ‘కూపా పిటి’ అని చూడగానే నాకూ ఒళ్ళు పులకరించింది. కానీ అది అక్కడి ఆదివాసుల మాట. ‘తెల్లవాడి గొయ్యి’ అని అర్థం చెబుతారు. అందులో గొయ్యి ‘పిటి’, కూపా కాదు! శబ్దం ఒక ముక్కలో కలిసింది, అర్థం పక్క ముక్కలో ఉంది. 1920లో ఊరికి పెట్టుకున్న పేరు వాళ్ళ నోటిది, దాన్ని మనం లాక్కోకూడదు. ఓపల్ సంగతి వేరు. పేరు ఇక్కడి నుంచి గ్రీసు, రోము దాకా వెళ్ళడానికి రత్నాల వర్తకం ఉంది.

వ్యాఖ్య: అయితే తెలుగులో ఓపల్‌ను ఉపలం అనే రాద్దామా?

జవాబు: వద్దండీ, వీధిలో కంకరరాయి కూడా ఉపలమే. ఓపల్ అనే రాద్దాం. మా అమ్మాయి ఏరిన పాచ్ ముక్కకైతే ఉపలం సరిగ్గా సరిపోతుంది.