‘గొడ్డేరి’యా, ‘గొడ్డేటి’యా? శ్రీనాథుడి చాటువులో ఒక అక్షరం

గవర్నర్‌పేట:
ఆదివారం పేజీకి లుక్‌అవుట్ సర్క్యులర్ల మీద రాస్తున్నానండి. బాకీ ఉందని మనిషిని ఎయిర్‌పోర్టులో ఆపేయడం, పోలీసులు పాస్‌పోర్ట్ ఇంపౌండ్ చేయడం వగైరా. రాస్తుంటే, పొలం గుత్త (కౌలు) కట్టలేక శిక్షలు పడ్డప్పుడు శ్రీనాథుడు చెప్పుకున్న చాటువు బుర్రలోంచి పోవడం లేదు. సీసం నోటికి వచ్చు, చివరి నాలుగు పాదాల ఎత్తుగీతిలోనే ఒకచోట నాలుక తడబడుతోంది. ‘బొడ్డుపల్లెను గొడ్డే... మోసపోతి’లో ‘గొడ్డే’ తర్వాత ‘రి’నా, ‘టి’నా? నాన్న ‘గొడ్డేటి’ అనేవారు. పేజీ సాయంత్రం ఆరింటికి వెళ్లిపోతుంది.

బ్రాడీపేట మాస్టారు:
గొడ్డేరి. ఏరు అంటే నాగలి, ఏరువాకలో ఉన్నదే. గొడ్డు సేద్యం చేశాడు, గుత్త కట్టలేకపోయాడు. ఇందులో చర్చ ఏముంది?

సత్యనారాయణపురం:
నాగలే అయితే ‘గొడ్డేరు పూని’ అనాలి కదా మాస్టారూ. ‘ఏరి’ ఇక్కడ క్త్వార్థకం, ‘చేసి’, ‘చూసి’ లాంటిది. ఏరి కోరి గొడ్డునేలను గుత్తకు పట్టాడు. క్రియ ఉంటేనే ‘మోసపోతి’కి అతుకుతుంది.

లబ్బీపేట:
నా ఓటు గవర్నర్‌పేట వారి నాన్నగారికి. ఏఱు శకటరేఫతో (బండి ఱ) అయితే నది, విభక్తి చేరేముందు దాని రూపం, అంటే ఔపవిభక్తికం, ‘ఏటి’. పైన ఏముందో చూడండి:

కృష్ణవేణమ్మ గొనిపోయె నింత ఫలము
బిలబిలాక్షులు తినిపోయె దిలలు పెసలు

వరదలో పంట పోయినవాడు ఏటిని తిట్టుకోక నాగలిని తిట్టుకుంటాడా?

సత్యనారాయణపురం:
తిట్టుకోనివ్వండి, అన్వయం చెప్పండి. ‘ఏటి మోసపోతి’ ఏం వాక్యం? ‘ఏటివల్ల’ అని మీరు పక్కనుంచి తెచ్చి అతికిస్తే తప్ప నిలబడదు.

కొత్తపేట:
ఛందస్సుతో తేల్చలేమా?

బ్రాడీపేట మాస్టారు:
తేలదు నాయనా. తేటగీతి. గొడ్డేరి అన్నా గొడ్డేటి అన్నా రెండు గురువులు, ఒక లఘువు, తగణమే. యతి బొ–మోల మధ్య పడింది, ప్రాసయతి కాదు. ఆ అక్షరం మీద ఛందస్సుకు ఏ పట్టూ లేదు. ర, ఱల పేచీ కూడా ప్రాసస్థానంలో ఉంటే తెగేది, ఇక్కడ అదీ లేదు. అర్థంతోనే కొట్టుకోవాలి.

అరండల్‌పేట వకీలు:
మీరు కొట్టుకుంటూ ఉండండి, ముందు గవర్నర్‌పేట గారి మొదటి వాక్యం సరిచేయాలి. ‘పోలీసులు పాస్‌పోర్ట్ ఇంపౌండ్ చేశారు’ అని అచ్చు వేయకండి. పోలీసులు చేసేది సీజ్, అంటే పట్టుకోవడం. పాత నేర విచారణ స్మృతి సీఆర్‌పీసీలో సెక్షన్ 102, ఇప్పుడు దాని బదులు వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో 106. ఇంపౌండ్ చేసే, అంటే అట్టిపెట్టుకునే, అధికారం 1967 నాటి పాస్‌పోర్టుల చట్టం సెక్షన్ 10(3) కింద పాస్‌పోర్ట్ అథారిటీది. సురేశ్ నందా కేసులో 2008లో సుప్రీంకోర్టు ఈ రెంటినీ విడదీసింది. సీజ్ చేసిన పాస్‌పోర్టును పోలీసులు ఊరికే అట్టిపెట్టుకోకూడదు, ఇంపౌండ్ చేయమని అథారిటీకి రాయాలి. సీఆర్‌పీసీ సెక్షన్ 104 కింద కోర్టు మామూలు పత్రాలను ఇంపౌండ్ చేయవచ్చు గానీ, పాస్‌పోర్టును చేయకూడదని కూడా ఆ తీర్పులోనే ఉంది.

గవర్నర్‌పేట:
లాయరు గారూ, మరి తెలుగులో రెంటికీ ‘స్వాధీనం’ అనే రాస్తున్నామే. ఇంపౌండ్‌కి వేరే మాట?

నల్లపాడు:
ఉంది కదండీ. బందె. పశువు పక్కవాడి చేలో పడితే బందెలదొడ్డికి తోలేవాళ్లు, డబ్బు కడితే గాని విడిచేవాళ్లు కాదు. 1871 నాటి పశువుల చట్టంలో ఇంగ్లీషువాడు ‘పౌండ్’ అన్నది ఆ దొడ్డినే. ‘పాస్‌పోర్ట్ బందె పెట్టారు’ అనండి, మా ఊళ్లో అందరికీ తెలుస్తుంది.

లబ్బీపేట:
ఎడిటర్‌కి తెలియదు.

బ్రాడీపేట మాస్టారు:
నల్లపాడు గారు తెలియకుండానే కౌటిల్యుణ్ణి ముట్టుకున్నారు. అర్థశాస్త్రం రెండో అధికరణంలో ముద్రాధ్యక్షుడి ప్రకరణం చూడండి. ఒక మాషకం తీసుకుని ముద్ర ఇస్తాడు. ‘సముద్రో జనపదం ప్రవేష్టుం నిష్క్రమితుం వా లభేత’. ముద్ర ఉన్నవాడికే రాకపోకలు. లేని జానపదుడికి పన్నెండు పణాల దండుగ. ఆ ముద్రను దారిలో తనిఖీ చేసేది ఎవరనుకున్నారు? వివీతాధ్యక్షుడు, అంటే పచ్చికబీళ్ల అధికారి! బందెలదొడ్డికీ పాస్‌పోర్టుకూ చుట్టరికం అప్పటినుంచే ఉంది. మా విద్యార్థి ఒకడు ఆ ‘సముద్రో’ను చూసి సముద్రం దాటడం గురించి వ్యాసం రాసుకొచ్చాడు. స-ముద్ర అని విడగొట్టి చూపించేదాకా ఒప్పుకోలేదు.

సత్యనారాయణపురం:
చుట్టరికం బాగుంది గాని, ‘బందె’ మన ‘బంధం’ నుంచి వచ్చిందా, పారశీ ‘బంద్’ నుంచా?

అరండల్‌పేట వకీలు:
ఆ గొడవ ఇంకోరోజు పెట్టుకోండి. ‘బందె’తో నాకు అభ్యంతరం వేరే ఉంది. దొడ్డిలో పశువుకు నోటీసు ఇవ్వరు. పాస్‌పోర్ట్ ఇంపౌండ్ చేస్తే కారణాలు రాతపూర్వకంగా నమోదు చేయాలి, అడిగితే ప్రతి ఇవ్వాలి. దేశభద్రతలాంటి కొన్ని సందర్భాల్లోనే కాదనవచ్చు. మేనకా గాంధీ కేసు పుట్టిందే అక్కడ. 1977లో ‘ప్రజాప్రయోజనం’ అని ఇంపౌండ్ చేసి, కారణం చెప్పబోమన్నారు, 1978లో తీర్పు వచ్చింది.

ఇక గవర్నర్‌పేట గారి అసలు వ్యాసానికి. స్టేషన్ ఎస్సై ఎయిర్‌పోర్టుకు ఫోన్ చేస్తే అది సర్క్యులర్ కాదు. జిల్లా ఎస్పీకి తగ్గని అధికారి ఆమోదంతో, ప్రొఫార్మాలో, బ్యూరో ఆఫ్ ఇమిగ్రేషన్‌కు వెళ్లాలి. ఒట్టి పేరుతో పంపితే కుదరదు. అదే పేరున్నవాళ్లు ఎంతమంది ఉంటారు! గుర్తింపు వివరాలు కనీసం మూడు కావాలి, లేదా పేరుతోపాటు పాస్‌పోర్ట్ వివరాలు ఉండాలి. దర్యాప్తు అధికారి ముందుగా పాస్‌పోర్ట్ ఆఫీసుకు లెటర్ పెట్టి రికార్డు అడిగేది ఇందుకే. ఆ నంబరు చేతికొస్తే సగం పని అయినట్టు. ఇంకో సంగతి: 2010 నాటి ఉత్తర్వు ప్రకారం సర్క్యులర్‌కు ఏడాది గడువు ఉండేది. 2021 నుంచి, పెట్టినవాళ్లు తీసేయమనేదాకా ఉంటుంది. కేసు కొట్టేసినా తీయించుకోని మనుషులు కౌంటర్ దగ్గర ఆగిపోయేది ఇలాగే.

గవర్నర్‌పేట:
బ్యాంకు బాకీలకు?

అరండల్‌పేట వకీలు:
2018లో ప్రభుత్వ రంగ బ్యాంకుల అధిపతులకు కూడా అడిగే అధికారం ఇచ్చారు. 2024 ఏప్రిల్‌లో బొంబాయి హైకోర్టు దాన్ని కొట్టేసింది. అప్పు ఇచ్చినవాడే గేటు దగ్గర ఆపమంటే ఎట్లా అన్నది అక్కడి వాదన సారం. శ్రీనాథుడికి ఆ హైకోర్టు లేదు పాపం.

లబ్బీపేట:
అయినా ఆయన తన శిక్షలను చెప్పుకున్న తీరు చూడండి లాయరు గారూ. ‘సార్వభౌముని భుజాస్తంభ మెక్కెను గదా నగరి వాకిటనుండు నల్లగుండు’. భుజం మీద బండరాయి పెడితే ‘ఎక్కెను’ అంటాడు, రాయికేదో పదవి వచ్చినట్టు! కాళ్ల సంకెళ్లు కూడా ‘ఆంధ్రనైషధకర్త’ పాదాలకు తగులుకుంటాయి. బిరుదులన్నీ వరసగా చెప్పుకుంటూ ఏడవగలిగినవాడు ఇంకొకడు పుట్టలేదు. కొండవీట్లో విద్యాధికారిగా వెలిగిన రోజులు తలుచుకుంటే ఆ ‘గదా’ల దగ్గర నాకు గొంతు పూడుకుపోతుంది.

కొత్తపేట:
‘పొగడదండ’ను వదిలేశారేం? మెడకు వేసే శిక్ష పేరు పొగడపూల దండ! అందులో ‘పొగడు’ కూడా వినపడుతుంది. పొగడ్తలు అందుకున్న మెడ.

బ్రాడీపేట మాస్టారు:
అది పాఠం చెప్పేటప్పుడు నేను ఎప్పుడూ చెప్పేదే.

నల్లపాడు:
మాస్టారూ, మీ ‘గొడ్డు సేద్యం’ దగ్గర నాకొక అనుమానం. కృష్ణ వచ్చి పట్టుకుపోయిందంటే అది ఏటి ఒడ్డు పొలమో, లంకో అయుండాలి. లంకలో ఏటా ఒండ్రు పడుతుంది. నువ్వులు, పెసలు విత్తాడు, పిట్టలు తినేంత గింజ కట్టింది కూడా. ఆ నేలను గొడ్డునేల అని ఏ రైతూ అనడు.

బ్రాడీపేట మాస్టారు:
నేల గొడ్డని నేనెక్కడ అన్నాను? సేద్యం గొడ్డుపోయింది. ఏరు నాగలే.

సత్యనారాయణపురం:
అయితే ‘గొడ్డు’ అంటే ఎద్దు ఎందుకు కాకూడదు? గొడ్లను ఏరి కొనుక్కొచ్చాడు, అవి పనికిరాలేదు.

లబ్బీపేట:
తిలలు, పెసలు తినిపోయింది పిట్టలు, ఫలం పట్టుకుపోయింది కృష్ణ. మధ్యలో ఎద్దుల తప్పేమిటండీ!

గవర్నర్‌పేట:
ఆరయింది. ‘గొడ్డేరి’ అనే పంపించాను. ‘ఇంపౌండ్’ను అలాగే ఉంచి, ‘పాస్‌పోర్ట్ అధికారి’ అని సరిచేశాను. ‘బందె’ను సబ్‌ఎడిటర్ కొట్టేశాడు.

సత్యనారాయణపురం:
నాగలి అర్థంలోనా, ఎంచి అనే అర్థంలోనా?

గవర్నర్‌పేట:
అచ్చులో రెండూ ఒకేలా ఉంటాయి కదండీ.

బ్రాడీపేట మాస్టారు:
ఉండవు. తాత్పర్యం ఇచ్చారా?