శుక్రవారం ఆదరణ కూడిక: పనులు పంచుకుందాం

సమన్వయకర్త:
అందరికీ వందనాలు. గోదావరి జిల్లాల కుటుంబ సమ్మేళనం ఈసారి జరపడం లేదు, కానీ దాని కోసం తీసుకున్న హాలును వదులుకోవడం లేదు. అదే శుక్రవారం, అదే హాలులో ఆదరణ కూడిక, అంటే దుఃఖంలో ఉన్నవారిని ఓదార్చే ప్రార్థన కూడిక, జరుపుకుందాం. ఆటలు, వంటల పోటీలు, బహుమతులు ఈ ఏడాదికి లేవు.

గోదావరి లంకలో ముగ్గురు పిల్లలు రేవులో చనిపోయిన సంగతి ఇప్పటికి అందరికీ తెలిసే ఉంటుంది. వరద తీశాక ఏటి అడుగు మునుపటిలా ఉండదు. మోకాలి లోతు అనుకున్న చోట ఇసుక తవ్విన గుంట ఉంటుంది, పైన నీరు మాత్రం ఒకేలా కనిపిస్తుంది. రోజూ స్నానం చేసే రేవులోనే దిగారు. ఒకరిని పట్టుకోబోయి మరొకరు, వాళ్లకోసం ఇంకొకరు.

వారిలో ఒక బాబు తల్లి ఇక్కడే, కువైట్‌లో ఒక ఇంట్లో పనిచేస్తున్నారు. భూస్థాపనకు వెళ్లలేకపోయారు, ఫోనులో చూశారు. సిగ్నలు మధ్యలో పోయి, తిరిగి వచ్చేసరికి మట్టి వేయడం కూడా అయిపోయిందట. ఈ కూడిక మొదట ఆమె కోసం. ఆమె పేరు, పిల్లల పేర్లు ఇక్కడ ఎవరూ రాయవద్దు.

సాయంత్రం నాలుగుకు మొదలుపెడదాం. అక్కడ ఆరున్నర అవుతుంది, ఊళ్లో మందిరం వాళ్లు కూడా ఫోనులో మనతో కలుస్తామన్నారు. ఇళ్లలో పనిచేసే అక్కలు చాలామంది ఎనిమిదికల్లా తిరిగి చేరాలి కాబట్టి ఏడుకు ముగించాలి. ఎవరు ఏ పని తీసుకుంటారో చెప్పండి.

పాటల బాధ్యుడు:
వందనాలక్కా. సమ్మేళనం కోసం సాధన చేసిన పాటలు పక్కన పెట్టేశాం. పరలోక నిరీక్షణ పాటలు నాలుగు ఎంచుకున్నాం. కీబోర్డు, ప్యాడ్లు తెచ్చేదా? మధ్యలో ఆ తల్లి రెండు నిమిషాలు సాక్ష్యం చెబితే అందరికీ విశ్వాసం బలపడుతుందని మనవాళ్లు కొందరు అంటున్నారు. పిల్లల ఫొటోలతో ఫ్లెక్సీ వేయిద్దామని కూడా ఒక మాట వచ్చింది.

సమన్వయకర్త:
తమ్ముడూ, అడిగినందుకు సంతోషం. ఇది ముందే మాట్లాడుకోవలసిన విషయం, కాస్త వివరంగానే చెబుతాను.

సాక్ష్యం అడగవద్దు. ఆమె తనంతట తాను లేచి మాట్లాడితే వింటాం, ఏడిస్తే పక్కన కూర్చుంటాం. ఆమె గదిలో ఉండే అక్కతో మాట్లాడాను. ఆమె ఇప్పుడు ప్రార్థన కూడా చేయలేకపోతున్నారట, బైబిలు తెరిచి అలాగే ఒళ్లో పెట్టుకుని కూర్చుంటున్నారట. ఆ మనిషిని నిలబెట్టి మన విశ్వాసాన్ని బలపరచమని అడుగుతామా? ఆమె తరఫున మనం విశ్వసించాలి. సంఘం ఉన్నది అందుకే.

నిరీక్షణ పాటలు వద్దని నేను అనను. పునరుత్థానం లేకపోతే మనకు ఆదరణ కూడికే లేదు. కానీ వాటితో మొదలుపెట్టవద్దు. చనిపోయిన లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా యేసు కన్నీళ్లు విడిచాడు. లేపేవాడే ఏడ్చిన చోట మనం ఎందుకు తొందరపడాలి? యోబు తన పిల్లలందరినీ పోగొట్టుకున్నప్పుడు అతని స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నేల మీద అతనితో కూర్చుని ఒక్క మాటా మాట్లాడలేదు. వాళ్లు చేసిన మేలు అదే. నోరు తెరిచి కారణాలు చెప్పడం మొదలుపెట్టాక చివరికి దేవుడి కోపానికే గురయ్యారు. హేరోదు చంపించిన బేత్లెహేము పిల్లల సంగతి రాసిన మత్తయి, పిల్లల కోసం ఏడ్చే రాహేలు ఓదార్పు పొందనొల్లకపోయిందని రాసి అక్కడితో ఆపాడు. ఆ వెంటనే ఆమెను ఓదార్చే మాట ఒకటి చేర్చలేదు. నాకు ఆ వాక్యం మీద ఎంతో గౌరవం.

అందుకే మొదటి అరగంట కీర్తనల గ్రంథంలోని విలాప కీర్తనలు చదువుదాం. 88వ కీర్తన చీకటిలోనే ముగుస్తుంది, దాన్ని పూర్తిగా చదవాలి. వాయిద్యాలు లేకుండా రెండు పాటలు చాలు. నిరీక్షణ పాట చివర్లో.

ఇంకొకటి. 'దేవుడు తన తోటకు మంచి పువ్వునే కోసుకుంటాడు' అనే మాట మైకులో ఎవరూ అనకూడదు. ప్రేమతోనే అంటారు, తెలుసు. కానీ అది విన్న తల్లి తన బిడ్డను కోసింది దేవుడే అనుకోవాలా? ఆ బాబు ప్రాణం తీసింది ఇసుక గుంట. ఊళ్లో మరో మాట కూడా తిరుగుతోంది: పిల్లవాడిని అమ్మమ్మ దగ్గర వదిలి డబ్బు కోసం దేశం దాటింది కనుకనే ఇలా జరిగిందని. ఈ మాట ఆమె చెవిన కూడా పడింది. సిలోయము గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోయినప్పుడు, వాళ్లు యెరూషలేములో అందరికంటే పాపులనుకుంటున్నారా అని అడిగి, కాదని యేసే జవాబు చెప్పాడు. లూకా 13. ఆ భాగం శుక్రవారం చదవాలి, గట్టిగా చదవాలి. ఆ ఇంటి పైకప్పు, బాబు బడి ఫీజు, అమ్మమ్మ మందులు అన్నీ ఆమె ఇక్కడ గిన్నెలు తోమి పంపిన డబ్బే.

ఫ్లెక్సీ వద్దు. ముఖ్య అతిథులు, శాలువాలు, ఫేస్‌బుక్ ప్రసారం కూడా వద్దు.

వాహనాల బాధ్యుడు:
అబ్బాసియా, ఫర్వానియా, సాల్మియా, ఫహాహీల్ నుంచి కార్లు కుదిరాయి. జహ్రా వైపు అక్కలు ఎక్కువమంది ఉన్నారు, చిన్న బస్సు కావాలి. ముగ్గురు అక్కలకు ఇంట్లో సెలవు ఇవ్వబోమన్నారట. ఏం చేద్దాం?

సమన్వయకర్త:
కువైట్‌లో 2015లో వచ్చిన 68వ నంబరు చట్టం ప్రకారం ఇంటి పనివారికి వారానికి ఒక రోజు సెలవు హక్కు. పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉంచుకోకూడదని కూడా అందులోనే ఉంది. కానీ చట్టం పేరు చెప్పి తగాదాకు దిగితే కూడిక అయ్యాక ఆ ఇంట్లో ఉండవలసింది ఆ అక్కలే. అరబ్బీ బాగా వచ్చిన అన్న ఒకరు ఫోను చేసి, ఊళ్లో చావు జరిగింది, మూడు గంటలు పంపండి అని మర్యాదగా అడగాలి. చావు మాట వింటే ఒప్పుకునే ఇళ్లు చాలా ఉన్నాయి.

ఆ లంకకు చెందిన అన్న:
అందరికీ వందనాలు. ముగ్గురిలో ఒక పాప హిందువుల ఇంటి బిడ్డ. మా పిల్లలతో కలిసి సండే స్కూల్‌కు వచ్చేది, క్రిస్మస్ నాటకంలో దేవదూత వేషం కూడా వేసింది. వాళ్ల నాన్న నాకు చిన్నప్పటి స్నేహితుడు. కూడికలో ఆ పాప గురించి ఎలా మాట్లాడాలి? 'రక్షణ' గురించి ఎవరైనా ఏదైనా అంటారేమోనని నాకు భయంగా ఉంది.
ఇంకో సంగతి. వరదకు సమాధుల తోట ఇంకా బురదలోనే ఉంది. ఇద్దరు పిల్లలను పడవలో అవతలి గట్టుకు తీసుకువెళ్లి అక్కడ భూస్థాపన చేశారు. ఊరంతా, రెండు మతాల వాళ్లూ, ఏటిగట్టు మీద నిలబడ్డారు. ఆ పాప కార్యక్రమానికి మా పాస్టరు గారు కూడా వెళ్లి వెనుక నిలబడి వచ్చారు. ప్రార్థన చేస్తానని అడగలేదు.

సమన్వయకర్త:
అన్నా, మీ పాస్టరు గారు మనకు దారి చూపించారు. మనమూ అలాగే ఉందాం. ముగ్గురినీ మన పిల్లలుగానే తలుచుకుందాం, ఆ కుటుంబం కోసం ప్రార్థిద్దాం, ఆ పాప ఆత్మ గురించి తీర్పు చెప్పే పని ఎవరూ పెట్టుకోవద్దు. వాళ్ల నాన్న ఒప్పుకుంటేనే ఆ పాప పేరు చదువుదాం. మీరే అడగండి.

ప్రార్థనలు ఎవరు చేయాలన్నది కూడా ఇక్కడే తేల్చేద్దాం. మనలో నరసాపురం వైపు సహవాసం వాళ్లు ఉన్నారు, రాజమహేంద్రవరం వైపు లూథరన్లు, కాకినాడ వైపు బాప్టిస్టులు, కథోలికులు, పెంతెకొస్తు వాళ్లు ఉన్నారు. ఒక్కో సంఘానికి ఒక్కో ప్రార్థన అని పంచితే రాత్రి పదయినా ముగియదు. పిల్లలను పోగొట్టుకున్న తల్లిదండ్రులు మనలోనే ఉన్నారు. వారిలో ఇష్టపడిన ఇద్దరు ప్రార్థిస్తే చాలు.

చందాల బాధ్యుడు:
దాతల పేర్లు వేదిక మీద చదవడం ఆనవాయితీ కదా. ఈసారి? రేవుకు లైఫ్ జాకెట్లు, తాళ్లు కొందామని కూడా కొందరు అంటున్నారు.

సమన్వయకర్త:
పేర్లు చదవవద్దు. మూడు ఇళ్లకు సమానంగా, ఊరి పెద్దలిద్దరి చేతుల మీదుగా ఇద్దాం, అందులో ఒకరు హిందువు అయి ఉండాలి.
రేవు విషయం చాలా ముఖ్యం, కానీ శుక్రవారం వద్దు. తల్లి ఎదుట తాళ్ల లెక్క మాట్లాడలేం. ఆ తరువాతి వారం వేరుగా కూర్చుందాం. 2018 జూలై 14న పశువుల్లంక దగ్గర పడవ కట్టుబడిలో ఉన్న వంతెన స్తంభానికి తగిలి బోల్తా పడి బడి పిల్లలు కొట్టుకుపోయినప్పుడు కూడా మనమంతా ఏడ్చాం. ఈసారి ఏడుపుతో ఆపకూడదు. ఇసుక తవ్విన చోట గుంటలు పూడ్చమని, రేవులో హెచ్చరిక బోర్డు పెట్టమని పంచాయతీకి, తహశీల్దారుకు అర్జీ రాయాలి. రాయగలిగిన వాళ్లు నాకు చెప్పండి.

వంట బాధ్యురాలు:
బిర్యానీ వద్దనుకుంటున్నాను అక్కా. అన్నం, ముద్దపప్పు, చారు, పెరుగు. ఆ తల్లి ఇన్ని రోజులుగా సరిగా తినడం లేదన్నారు కాబట్టి గంజి కూడా ఫ్లాస్కులో తెస్తాను. వడ్డించడానికి నలుగురు కావాలి.

పాటల బాధ్యుడు:
అర్థమైందక్కా. కీబోర్డు తేవడం లేదు. 88వ కీర్తన నేనే చదువుతాను. వడ్డనకు మా గదిలో ముగ్గురం వస్తాం.

ఆ లంకకు చెందిన అన్న:
ఫోను చేశాను. పాప పేరు చదవమన్నాడు. ముద్దుపేరు కూడా చెప్పమన్నాడు, బడిలో అందరూ అలాగే పిలిచేవారట.

వాహనాల బాధ్యుడు:
బస్సు దొరికింది. జహ్రా నుంచి రెండున్నరకే బయలుదేరాలి. ముగ్గురిలో ఇద్దరు అక్కలకు సెలవు ఇచ్చారు, మూడో ఇంటికి అన్న రేపు మళ్లీ ఫోను చేస్తారు. బస్సులో ఇంకా నాలుగు సీట్లు ఉన్నాయి, రావాలనుకునే వాళ్ల పేర్లు గురువారం సాయంత్రంలోగా నాకు విడిగా పంపండి.