క్లోమంలోని గడ్డలో డాప్లర్‌కు రక్తప్రవాహం కనబడకపోతే ఏమని అర్థం చేసుకోవాలి?

ప్రశ్న:
మా నాన్నగారికి క్లోమం తలభాగంలో సుమారు 2 సెంటీమీటర్ల గడ్డ ఉన్నట్టు సీటీ స్కాన్‌లో తేలింది. ఆ తర్వాత చేసిన ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ (నోటి ద్వారా గొట్టం పంపి లోపలి నుంచి చేసే స్కాన్) రిపోర్టులో డాప్లర్‌లో, అంటే రక్తం కదలికను తెరపై రంగుల్లో చూపే పద్ధతిలో, రక్తప్రవాహం కనబడలేదని రాసి, కాంట్రాస్ట్ ఇచ్చి మళ్లీ చూసి సూదితో ముక్క తీయాలని సూచించారు. రక్తప్రవాహం లేదంటే అది క్యాన్సర్ అనా, కాదనా? ఎలాగూ ముక్క తీస్తున్నప్పుడు కాంట్రాస్ట్ ఎందుకు? ఆయనకు కిడ్నీల పనితీరు కొంత తగ్గి ఉంది కనుక భయంగా ఉంది.

సమాధానం (ఎండోస్కోపీ చేసే వైద్యుడు):
ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకుని ఏమీ తేల్చుకోకండి. సన్నని నాళాల్లో మెల్లగా సాగే రక్తాన్ని డాప్లర్ పట్టుకోలేదు. పైగా పక్కనే బృహద్ధమని కొట్టుకుంటూ, ఊపిరితో పాటు పొట్ట కదులుతూ ఉండటంతో తెరపై రంగు చెదిరిపోతుంది. అందుకే కాంట్రాస్ట్‌గా చేతి నరంలోకి ఎర్ర రక్తకణమంత చిన్న వాయు బుడగలను ఎక్కిస్తారు. అవి నాళాలు దాటి బయటకు పోవు. తక్కువ శక్తి గల ధ్వని తరంగాలకు కంపించి ప్రత్యేకమైన సంకేతాన్ని తిరిగి పంపుతాయి. ఎక్కించిన 15, 20 సెకన్లకే ఆరోగ్యంగా ఉన్న క్లోమం మెరవడం మొదలవుతుంది. క్లోమంలో ఎక్కువగా వచ్చే అడినోకార్సినోమా అనే క్యాన్సర్ మాత్రం చుట్టూ గట్టి పీచు కణజాలం పెంచుకుని, నాళాలు పలచబడి, సాధారణంగా నల్లగానే మిగిలిపోతుంది. హార్మోన్లు తయారుచేసే కణాల నుంచి పుట్టే న్యూరోఎండోక్రైన్ కణితి చాలావరకు చుట్టుపక్కల కంటే ముందే, ఎక్కువగా మెరుస్తుంది. వాపు వల్ల ఏర్పడిన గడ్డ తరచూ పక్క కణజాలంతో సమానంగా వెలుగుతుంది.

మరొక సమాధానం:
కిడ్నీల గురించి ఒక మాట. ఇది సీటీలో వాడే అయోడిన్ మందు కాదు. బుడగల్లోని సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ వంటి వాయువు ఊపిరితిత్తుల ద్వారా శ్వాసలో బయటకు పోతుంది కనుక కిడ్నీలపై ఆ భారం పడదు. గుండె జబ్బు, ఊపిరితిత్తుల్లో అధిక రక్తపోటు, మందుల అలర్జీ ఉంటే మాత్రం తప్పక ముందే చెప్పండి. ముక్క తీయడానికీ ఇది పనికొస్తుంది: గడ్డలో ఏమాత్రం మెరవని చోటు చచ్చిన కణజాలం కావచ్చు, అక్కడ సూది గుచ్చితే పరీక్షకు పనికొచ్చే కణాలు దొరకవు.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. ఒకవేళ నల్లగానే మిగిలితే, సూది పరీక్ష లేకుండా నేరుగా ఆపరేషన్‌కు వెళ్లవచ్చా?

సమాధానం (అదే వైద్యుడు):
తీసివేయదగిన గడ్డ అయి, స్కాన్లన్నీ క్యాన్సర్ వైపే గట్టిగా చూపుతుంటే, సర్జన్లు కొన్నిసార్లు ముక్క తీయకుండానే ఆపరేషన్ చేస్తారు. ముందుగా కీమోథెరపీ ఇవ్వాలనుకుంటే మాత్రం కణాల ఆధారం కావాలి. ఆటోఇమ్యూన్ ప్యాంక్రియాటైటిస్ (శరీర రక్షణ వ్యవస్థే క్లోమంపై దాడి చేయడం వల్ల వచ్చే వాపు) అనే జబ్బు అచ్చం క్యాన్సర్‌లాగే కనబడి, స్టెరాయిడ్లతో తగ్గిపోగలదు. అనుమానం ఏ కొంచెం ఉన్నా ముక్క తీయించడమే నా సలహా. మొదటి నమూనాలో క్యాన్సర్ కణాలు కనబడకపోయినా అంతటితో ఆగకుండా, మళ్లీ తీయాలేమో మీ వైద్యులను అడగండి.