వైద్యం వదిలి హాస్య రచనకు రావచ్చునా?

ప్రశ్న (హనుమకొండ నుంచి):
నేను కాకతీయ మెడికల్ కాలేజీలో చదివి, పట్టణంలో సొంత క్లినిక్ నడుపుతున్న ఎం.బి.బి.ఎస్. వైద్యుణ్ణి. రాత్రి క్లినిక్ కట్టేశాక రాసుకున్న హాస్య కథలు కొన్ని పత్రికల్లో వచ్చాయి. ఇప్పుడు వైద్యం మానేసి పూర్తికాలం రచనకే కూర్చోవాలని బలంగా అనిపిస్తున్నది. అమ్మానాన్నలు ఒప్పుకోవడం లేదు. డబ్బు సంగతి ఎలాగో చూసుకుంటాను గానీ, ఇంత చదువును వదిలివేయడం న్యాయమేనా, వదిలితే నా రాత బాగుపడుతుందా అన్నవే నన్ను పీడిస్తున్న సందేహాలు. తెలిసినవారు చెప్పగలరు.

జవాబు (జనగామ నుంచి):
డాక్టర్ గారూ, మీ రెండో సందేహమే అసలైనది. రష్యన్ కథకుడు చెఖోవ్ మాస్కోలో వైద్యం చదువుతూ, ఇల్లు గడపడానికి మారుపేరుతో హాస్య పత్రికలకు చిన్న చిన్న కథలు రాశాడు. 1884లో పట్టా పుచ్చుకున్నాక కూడా వైద్యం విడిచిపెట్టలేదు, 1892లో కలరా భయం వచ్చినప్పుడు తానుంటున్న మెలిహొవో గ్రామం చుట్టుపక్కల పల్లెలన్నీ తానే చూసుకున్నాడు. మన దగ్గర డాక్టర్ కేశవరెడ్డి గారు హాస్య రచయిత కాకపోయినా, నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠు రోగులకు వైద్యం చేస్తూనే నవలలు రాశారు. "జ్వరం ఎప్పటి సంది?" అని అడిగితే "సద్దుల బతుకమ్మ నాటి సంది" అని మొదలుపెట్టి, బిడ్డ అత్తగారింటి ముచ్చటంతా చెప్పి, చివరికి "గోలీలు వద్దు సారూ, సూదే ఎయ్యుండ్రి" అనే అవ్వ మీ గదిలోకి వచ్చినంత సహజంగా రాతబల్ల దగ్గరికి రాదు. ఆమె మాటతీరు రోజూ చెవిన పడుతున్నంత కాలమే మీ సంభాషణలకు జీవం ఉంటుందని నా గట్టి నమ్మకం. క్లినిక్ ఒక పూటకు తగ్గించుకోండి, పూర్తిగా మూయకండి.

జవాబు (కరీంనగర్ నుంచి):
పై మాటతో నేను ఏకీభవించను. ఇంగ్లండులో రిచర్డ్ గోర్డాన్ తన తొలి హాస్య నవల వెలువడిన 1952లోనే వైద్యం మానేసి, ఆ తరువాత కూడా ఆసుపత్రి కథలు ఎన్నో రాశాడు. అక్కడి వైద్యుడే ఆడమ్ కే 2010లో ప్రసూతి వైద్యానికి దూరమై, డ్యూటీ రోజుల్లో రాసుకున్న డైరీల నుంచే 2017లో పుస్తకం తెచ్చాడు. చూసినది చూసినట్టు రాసిపెట్టుకున్నవాడికి సరుకు తరిగిపోదు. ఇక న్యాయం మాటకొస్తే, మనసు లేకుండా నాడి పట్టే వైద్యుడి వల్ల రోగికి ఏం మేలు?

జవాబు (వరంగల్ నుంచి, వైద్యురాలిని):
ఉన్నా మానినా రెండు జాగ్రత్తలు తీసుకోండి. రోగి చెప్పుకున్నది బయటపెట్టరాదని 2002 నాటి వైద్య వృత్తి నియమావళి చెబుతున్నది. మన ఊళ్లలో పేరు మార్చినంత మాత్రాన సరిపోదు, వాడ, పని, జబ్బు మూడూ ఒకేచోట చదివితే ఆ మనిషి ఎవరో పక్కింటివారు పట్టేస్తారు. అందుకని ముగ్గురు నలుగురిని కలిపి ఒక పాత్రను చేయండి. నవ్వు ఆ పాత్ర మాట మీద పుట్టాలి గానీ జబ్బు మీద పుట్టకూడదు. రెండోది, మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్‌ను గడువు దాటనివ్వకుండా రెన్యువల్ చేయించుకోండి. తిరిగి రావాలనిపించిన రోజున తలుపు తెరిచే ఉంటుంది, అమ్మానాన్నలకు కూడా ఆ ఒక్క మాట ధైర్యాన్నిస్తుంది.