కీమో మధ్యలో గడ్డ కొంచమే తగ్గింది, మందు పని చేయనట్టేనా?

గాజువాక అబ్బాయి:
మా అమ్మకి రొమ్ములో గడ్డ, బయాప్సీలో ట్రిపుల్ నెగటివ్ క్యాన్సర్ (రెండు హార్మోన్ల గుర్తులూ, హెర్2 ప్రోటీనూ, మూడూ కనిపించని రకం) అని వచ్చింది. ముందు కీమో, తర్వాతే ఆపరేషన్ అన్నారు. ఎర్ర రంగు కీమో మందు నాలుగు సైకిళ్లు అయ్యాయి, ఇక వారం వారం పాక్లిటాక్సెల్ అనే ఇంకో కీమో మందు మొదలుపెట్టాలి. మొదట మమోగ్రామ్‌లో 4.2 సెంటీమీటర్లు ఉంది, మొన్న ఇంటి దగ్గర సెంటర్లో అల్ట్రాసౌండ్ తీయిస్తే 3.1 అని రాశారు. రిపోర్టు ఇచ్చినాయన "పెద్దగా తగ్గలేదండీ" అనేశాడు, ఆ రాత్రి అమ్మ అన్నం ముట్టలేదు. మా డాక్టరు గారేమో చేత్తో చూసి మెత్తబడింది, బాగానే ఉంది అంటున్నారు, మళ్లీ ఎంఆర్ఐ కూడా తీయించమంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది, ఎవరి మాట నమ్మాలి?

రేడియాలజీ పీజీ, మద్దిలపాలెం:
బ్రదర్, మమోగ్రామ్ కొలతని అల్ట్రాసౌండ్ కొలతతో పోల్చకూడదు. మమోగ్రామ్‌లో రొమ్ముని నొక్కి తీస్తారు, అల్ట్రాసౌండ్‌లో పడుకోబెట్టి చూస్తారు, ఒకే రోజు తీసినా రెండూ తేడా చూపించొచ్చు. మొదట దేనితో కొలిచారో తర్వాతా దానితోనే కొలవాలి.

ఒకవేళ ఆ రెండు అంకెలే నిజమనుకున్నా 26 శాతం తగ్గినట్టు. పొడవు 30 శాతం తగ్గితేనే 'పార్షియల్ రెస్పాన్స్' (మందుకి కొంత తగ్గింది) అని రాయాలని రూలు, అందుకే కాగితం మీద ఇది 'స్టేబుల్' (పెద్ద మార్పు లేదు) కిందకి వస్తుంది. కానీ అది ఒక గీత పొడవు మాత్రమే. గడ్డ గుండ్రంగా ఉందనుకుంటే పరిమాణం దాదాపు 60 శాతం పోయినట్టు! ఇంకో సంగతి, కొన్ని గడ్డలు చుట్టూ సమంగా కుంచించుకుపోవు, ఎండిన చెరువులో అక్కడక్కడ నీటి గుంటలు మిగిలినట్టు ముక్కలుగా విడిపోతాయి. అప్పుడు ఈ చివర నుంచి ఆ చివరకి కొలిస్తే పెద్ద తేడా కనిపించదు, లోపల మాత్రం చాలా కణాలు చనిపోయి ఉంటాయి. ఎంఆర్ఐలో కాంట్రాస్ట్ (స్కాన్‌లో కనబడే మందు) ఎక్కించి ఆ గడ్డ ఇంకా ఎంత రక్తం లాగుతోందో చూస్తారు, మిగతా స్కాన్‌ల కంటే అదే నయం, ట్రిపుల్ నెగటివ్‌లో మరీను. తీయించండి. కాంట్రాస్ట్ ఎక్కిస్తారు కాబట్టి ముందు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్త పరీక్ష) చూపించుకోండి.

ఎంవీపీ కాలనీ అక్క:
తమ్ముడూ, నాది హెర్2 పాజిటివ్ (ఆ హెర్2 ప్రోటీన్ ఎక్కువగా ఉండే రకం). కీమో అయ్యేసరికి గడ్డ చేతికి తగల్లేదు, స్కాన్‌లో కూడా లేదన్నారు, ఇక ఆపరేషన్ ఎందుకని ఇంట్లో అందరూ గొడవ. తీసిన ముక్కని మైక్రోస్కోప్ కింద చూస్తే ఇంకా కొన్ని కణాలు మిగిలి ఉన్నాయి, దాంతో తర్వాతి మందుని టీడీఎం1 అనే హెర్2 రకానికి ఇచ్చే మందుకి మార్చారు. నా పక్క బెడ్ ఆవిడకి మమోగ్రామ్‌లో సున్నపు చుక్కలు అలాగే ఉండిపోయాయి, ఆపరేషన్ రిపోర్టులో మాత్రం బతికున్న కణం ఒక్కటీ లేదు. అసలు తీర్పు ఆ పాథాలజీ రిపోర్టుదే, అమ్మకి ఈ మాట గట్టిగా చెప్పు. ఇంతకీ క్లిప్ పెట్టించారా?

గాజువాక అబ్బాయి:
క్లిప్ ఏంటక్కా? ఫైల్లో ఎక్కడా ఆ మాట లేదు.

రేడియాలజీ పీజీ, మద్దిలపాలెం:
అక్క సరిగ్గా అడిగారు. బియ్యపు గింజ కంటే చిన్న టైటానియం గుర్తు, అల్ట్రాసౌండ్‌లో చూస్తూ సూదితో గడ్డలో వదులుతారు. రేపు గడ్డ పూర్తిగా కరిగిపోతే ఎక్కడ కోయాలో సర్జన్‌కీ, ఎక్కడ వెతకాలో పాథాలజీ వాళ్లకీ అదే ఆనవాలు. గడ్డ ఇంకా కనిపిస్తోంది కాబట్టి ఇప్పుడే అడగండి, చంకలో గ్రంథికి కూడా పాకి ఉంటే దానికీ పెట్టాలా అని అడగండి. ఆ క్లిప్‌తో ఎంఆర్ఐకి ఇబ్బంది లేదు. ఆపరేషన్‌లో కొంత మిగిలినా దారి మూసుకుపోదు, ట్రిపుల్ నెగటివ్‌లో ఆ తర్వాత కేపెసిటబిన్ మాత్రలు ఇస్తే మేలని జపాన్, కొరియాల్లో చేసిన ట్రయల్‌లో 2017లోనే తేలింది. రెండో అభిప్రాయం కావాలంటే అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా ఆసుపత్రి మీకు దగ్గరే. పాత మమోగ్రామ్ ఫిల్ములు, సీడీ, బయాప్సీ బ్లాకులు (తీసిన ముక్కని మైనంలో దాచినవి) పట్టుకెళ్లండి, ఉత్త రిపోర్టు కాగితాలు సరిపోవు.

గాజువాక అబ్బాయి:
సోమవారం ఓపీకి వెళ్తున్నాం, పాక్లిటాక్సెల్ ఎక్కించక ముందే క్లిప్ సంగతి అడుగుతాను. ఆ 60 శాతం లెక్క కాగితం మీద వేసి అమ్మకి చూపించాను అన్నా.