‘ఇంట గెలిచి రచ్చ గెలువు’: ఇందులో ‘గెలిచి’ హామీ ఇస్తోందా, వరుస చెబుతోందా?

ప్రశ్న

సభ్యులకు నమస్కారం. మేము ఉండేది టెక్సాస్‌లో. ఆస్టిన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న మా అబ్బాయికి అక్కడి జట్టు ఆడే అమెరికన్ ఫుట్‌బాల్ అంటే ప్రాణం. బంతి ఎవరికి విసరాలో, ఎప్పుడు విసరాలో రెండు మూడు క్షణాల్లో తేల్చుకుని జట్టును నడిపించేవాడే క్వార్టర్‌బ్యాక్ అని నాకు నేర్పింది కూడా వాడే. ఆ జట్టు క్వార్టర్‌బ్యాక్ ఆర్చ్ మ్యానింగ్ ముందు ముందు ఎన్‌ఎఫ్‌ఎల్‌లో, అంటే డబ్బు తీసుకుని ఆడే పెద్దల లీగులో, నిలబడతాడా లేదా అన్నది మా ఇంట్లో భోజనాల దగ్గర రోజూ జరిగే వాదన. మొన్న నేను, “కాలేజీలో ఇంత పేరు తెచ్చుకున్నవాడు అక్కడ మాత్రం ఎందుకు ఆడడు? ఇంట గెలిచి రచ్చ గెలువు అన్నారు పెద్దలు” అన్నాను. వాడు చేతిలోని ముద్ద అలాగే పట్టుకుని కాసేపు ఆలోచించి, “అంటే ఇంట్లో గెలిచాక బయటికి వెళ్లి గొడవ చేయమనా, అమ్మా?” అని అడిగాడు.

నవ్వు ఆపుకోలేకపోయాను గానీ, వాడికి సరైన జవాబు చెప్పలేకపోయాను. ఈ సామెతలోని ‘రచ్చ’కు అసలు అర్థం ఏమిటి? కాలేజీలో గెలిచాడు కాబట్టి లీగులోనూ గెలుస్తాడు అనడానికి నేను ఈ సామెతను వాడటం సరైనదేనా? తెలిసినవారు చెప్పగలరు.

మొదటి జవాబు

అమ్మా, మీ అబ్బాయి చెప్పిన అర్థం తప్పు కాదు. ఆ మాట చేసిన ప్రయాణంలో వాడు చివరి మజిలీని పట్టుకున్నాడు, అంతే. సంస్కృతంలో ‘రథ్య’ అంటే రథం పోయే బాట, వీధి. అది ప్రాకృతంలో ‘రచ్ఛా’ అయి, తెలుగులోకి ‘రచ్చ’గా వచ్చింది. వీధి అన్న అర్థం నుంచి వీధిలో పదిమంది చేరే చోటు, ఆ చోట జరిగే సభ, ఆ సభలో తీరే తగవు అనే అర్థాలు ఒకదాని నుంచి ఒకటి పుట్టాయి. ఊరి నడుమ చెట్టు కింద ఉండే రచ్చబండ ఆ పాత అర్థానికి నిలిచి ఉన్న సాక్ష్యం. ఇంటి గుట్టు రచ్చకెక్కిందన్నా, ఫలానావాడిని రచ్చకీడ్చారన్నా పదిమందిలోకి లాగారనే. అలా లాగిన చోట గోల తప్పదు కనుక, కాలక్రమంలో చోటు పోయి గోల ఒక్కటీ మిగిలింది. ఇవాళ్టి పిల్లలకు రచ్చ అంటే గొడవే. సామెతలో ఉన్నది మాత్రం ఆ వెనకటి రచ్చ, అంటే మనవాళ్లు కానివాళ్లు కూడా కూర్చుని మన సత్తాను తూచే చోటు.

ఇక రెండో ప్రశ్న, నన్ను ఎక్కువసేపు పట్టుకున్నది అదే. మీరు సామెతను ‘ఇంట గెలిస్తే రచ్చ గెలుస్తాడు’ అన్నట్టు వాడారు. సామెత అలా అనలేదు. ‘గెలిస్తే’ అన్నది చేదర్థకం. అది షరతు పెట్టి ఫలితాన్ని చెబుతుంది. ‘గెలిచి’ అన్నది క్త్వార్థకం. ఒకే కర్త చేసే రెండు పనులలో ముందటిది ఏదో చెబుతుంది. పైగా చివరి క్రియ ‘గెలువు’ విధ్యర్థకం, అంటే ఆజ్ఞ. ‘స్నానం చేసి భోజనం చెయ్యి’ అని పిల్లవాడికి చెప్పినప్పుడు స్నానం చేసినవాడికల్లా భోజనం దొరుకుతుందని మనం మాట ఇవ్వడం లేదు. ఏది ముందో, ఏది తర్వాతో చెబుతున్నాం. ఈ సామెత కూడా అంతే చెబుతోంది. రచ్చకు వెళ్లే ముందు ఇంట గెలవమంటోంది గానీ, ఇంట గెలిచినవాడి కోసం రచ్చ దండ పట్టుకుని ఎదురుచూస్తుందనడం లేదు.

ఇంకొక్క చిన్న సంగతి. ‘ఇంట’ సప్తమి, ఇంటిలో అని అర్థం. ‘రచ్చ’కు ఏ విభక్తీ లేదు. దాన్ని ‘పందెం గెలిచాడు’, ‘సభ గెలిచాడు’ అన్నట్టు కర్మగా చదవాలని నా అభిప్రాయం. అంటే ఇల్లు మనం గెలిచే చోటు, రచ్చ మనం గెలవవలసిన వస్తువు. ఇంట్లో నేల మనకు అనుకూలంగానే ఉంటుంది. రచ్చలో ఆ నేలనే ముందు లొంగదీసుకోవాలి.

మీ ఫుట్‌బాల్‌లో ఇది మాటవరసకు చెప్పే సంగతి కాదు, నిజంగానే నేల మారుతుంది. మైదానం వెడల్పు రెండు చోట్లా 160 అడుగులే. దాని నడుమ పొడవునా రెండు వరుసల పొట్టి గీతలు ఉంటాయి. బంతి అంచుకు దగ్గరగా ఆగినా, మళ్లీ ఆట మొదలుపెట్టేటప్పుడు దాన్ని ఈ గీతల మీదికి తెచ్చి పెడతారు. కాలేజీ మైదానంలో ఈ రెండు వరుసల మధ్య దూరం 40 అడుగులు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 18 అడుగుల 6 అంగుళాలు. కనుక కాలేజీలో బంతి ఒక వరుస మీద ఉన్నప్పుడు ఒక పక్క 60 అడుగుల చోటుంటే రెండో పక్క 100 అడుగులు ఉంటుంది, ఆ విశాలమైన వైపుకు ఆటగాళ్లను పరుగెత్తించి ఖాళీ సృష్టించడం తేలిక. లీగులో బంతి ఎప్పుడూ ఇంచుమించు నడిమధ్యనే ఉంటుంది కాబట్టి ఆ వెసులుబాటు పోతుంది. మరొకటి, బంతి విసరకముందు క్వార్టర్‌బ్యాక్‌కు కాపు కాసే భారీకాయులు కాలేజీలో మూడు గజాల దాకా ముందుకు పోవచ్చు, లీగులో ఒక్క గజమే పోవాలి. ఆ మూడు గజాలు చూసి, బంతి పట్టుకుని పరుగెడతారేమోనని ప్రత్యర్థి ముందుకు ఉరికితే, అతని వెనక ఖాళీ అయిన చోటికి బంతి విసరవచ్చు. ఒక్క గజంతో అంతగా మోసపోయేవాడు లీగులో దొరకడు.

వీటన్నిటికంటే పెద్ద చిక్కు డ్రాఫ్ట్ అనే పంపకంలో ఉంది. కిందటి ఏడు అందరికంటే అడుగున ఉన్న జట్టుకు కాలేజీ ఆటగాళ్లలో మొదటివాణ్ని ఎంచుకునే హక్కు ఇస్తారు. అంటే ఇంట ఎంత బాగా గెలిస్తే అంత బలహీనమైన జట్టుతో రచ్చకెక్కాలి. ఆర్చ్ తాతగారు ఆర్చీ మ్యానింగ్ కథే తీసుకోండి. మిసిసిపీ విశ్వవిద్యాలయానికి ఆయన ఎంత ఇంటివాడంటే, ఆయన చొక్కా మీది అంకెను గౌరవిస్తూ ఆ ప్రాంగణంలో వాహనాల వేగాన్ని గంటకు 18 మైళ్లకు పరిమితం చేశారు. 1971లో న్యూ ఆర్లియన్స్ సెయింట్స్ ఆయన్ను రెండోవాడిగా ఎంచుకుంది. ఆయన ఉన్నన్నాళ్లూ ఆ జట్టు ఒక్క సీజన్‌లో కూడా ఓటములకంటే ఎక్కువ విజయాలు చూడలేదు. ఆట తెలిసినవారెవరూ ఆ తప్పు ఆయన మీద వేయరు.

1998 డ్రాఫ్ట్ ఈ చర్చకు ఇంకా బాగా పనికొస్తుంది. ఆర్చీ కొడుకు పేటన్ మ్యానింగ్ టెనెసీ నుంచి, రయాన్ లీఫ్ వాషింగ్టన్ స్టేట్ నుంచి వచ్చారు. ఇద్దరూ ఇంట గెలిచినవారే. ఇద్దరిలో ఎవరు మేలన్నది ఆ ఏడు తెగని వాదం. ఇండియానాపొలిస్ కోల్ట్స్ పేటన్‌ను మొదటగా, శాన్ డియేగో చార్జర్స్ లీఫ్‌ను రెండోవాడిగా తీసుకున్నాయి. లీఫ్ తన మూడో ఆటను కాన్సస్ సిటీలో వానలో ఆడాడు: పదిహేనుసార్లు బంతి విసిరితే ఒక్కటే మనవాడి చేతికి చేరింది, అదీ నాలుగు గజాలు, రెండు ప్రత్యర్థుల చేతుల్లో పడ్డాయి. ఆ తర్వాత అతను కోలుకోలేదు. ఇది చదివి, పేటన్ వచ్చీ రాగానే వెలిగిపోయాడనుకోకండి. అతను ఆ మొదటి ఏడు 28 బంతులను ప్రత్యర్థులకు అప్పగించాడు, జట్టు 3 ఆటలు గెలిచి 13 ఓడింది. అలాంటివాడే తర్వాత ఐదుసార్లు లీగులో అత్యంత విలువైన ఆటగాడిగా ఎంపికయ్యాడు, లీగు విజేతను తేల్చే ఆఖరి ఆట సూపర్ బౌల్‌ను రెండుసార్లు గెలిచాడు.

వ్యాకరణం భాషలో చెప్పాలంటే, పేటన్ ఇంట గెలిచి రచ్చ గెలిచాడు; లీఫ్ ఇంట గెలిచినా రచ్చ గెలవలేదు. ఒకటి క్త్వార్థకం, మరొకటి ‘అయినా సరే’ అని చెప్పే అప్యర్థకం. టామ్ బ్రేడీకి ఏ రూపం వాడాలో నాకు ఇప్పటికీ తేలలేదు. మిషిగన్‌లో తన స్థానాన్నే మరొకరితో పంచుకోవలసి వచ్చిన అతణ్ని 2000లో 199వ ఆటగాడిగా, మరో ఆరుగురు క్వార్టర్‌బ్యాక్‌లు అయ్యాక గానీ ఎవరూ పిలవలేదు. అతను ఏడు సూపర్ బౌల్స్ గెలిచాడు. ‘ఇంట గెలవక’ అంటే అన్యాయం, ‘ఇంట గెలిచి’ అంటే అతిశయోక్తి.

మరొక సభ్యుని అభ్యంతరం

పై జవాబు బాగుంది గానీ, క్త్వార్థకానికి వరుస తప్ప మరో అర్థం లేదన్నట్టు రాశారు, అది ఒప్పుకోలేను. ‘కాలు జారి పడ్డాడు’ అన్నప్పుడు జారడం పడటానికి ముందు జరిగిన పని మాత్రమేనా? అదే కారణం. ‘కష్టపడి చదివి పాసవ్వు’ అంటాం. చివర విధ్యర్థకమే ఉంది, అయినా చదవడం పాసవడానికి సాధనం. అలాగే ఇంటి గెలుపు రచ్చ గెలుపుకు సాధనమని ఎందుకు అనకూడదు? మీరు ఓడినవారి ఉదాహరణలు ఇచ్చారు, నేను ఒక గెలిచినవాణ్ని ఇస్తాను. జో బరో 2019లో లూసియానా స్టేట్ తరఫున 60 టచ్‌డౌన్ పాసులు (బంతిని ప్రత్యర్థి చివరి గీత దాటించే విసుర్లు) విసిరి, కాలేజీ ఆటగాళ్లలో మేటికి ఇచ్చే హైస్‌మన్ ట్రోఫీ అందుకుని, 2020లో మొదటి ఆటగాడిగా సిన్సినాటి బెంగాల్స్‌కు వెళ్లి, రెండో సీజన్‌లోనే ఆ జట్టును సూపర్ బౌల్ దాకా తీసుకెళ్లాడు. అక్కడ ఓడినా, అంతదాకా వెళ్లడం చిన్న సంగతి కాదు.

మొదటి జవాబు రాసినవారు

మీ అభ్యంతరం న్యాయమైనదే, ‘చదివి పాసవ్వు’ దగ్గర నా వాదన పలచబడిందని ఒప్పుకుంటున్నాను. అయితే అక్కడ సాధనార్థం ప్రత్యయం వల్ల వచ్చిందా, చదువుకూ పరీక్షకూ మధ్య లోకంలో ఉన్న సంబంధం వల్ల వచ్చిందా? ‘స్నానం చేసి పాసవ్వు’ అంటే ప్రత్యయం అదే, సాధనార్థం మాత్రం మాయమవుతుంది. కాబట్టి ‘ఇంట గెలిచి’ని సాధనంగా చదవాలంటే, ఇంటి గెలుపులో ఉన్నది ఎంత మేరకు రచ్చకు వెంట వస్తుందో ముందు తేలాలి. తన అబ్బాయితో ఆ తల్లిగారికి ఉన్న వాదన కూడా సరిగ్గా అదే.

మీరిచ్చిన బరో ఉదాహరణలోనే చూడండి. గురి, బంతి వదిలే వేళను పసిగట్టడం అతని సొంతం, అవి వెంట వచ్చాయి. దానితోపాటు 2021లో బెంగాల్స్ ఐదో ఆటగాడిగా జమార్ చేస్‌ను తీసుకుంది. లూసియానా స్టేట్‌లో బరో విసిరితే పట్టినవాడు అతనే. సగం ఇంటిని మోసుకొచ్చి రచ్చలో పెట్టారన్నమాట! దీనికి ఎదురుగా టిమ్ టీబోను పెట్టండి. ఫ్లోరిడాలో 2007లో హైస్‌మన్ గెలిచిన అతనికి గుండె ధైర్యం, కాళ్ల బలం వెంట వచ్చాయి; 2012 జనవరిలో పిట్స్‌బర్గ్ మీద అదనపు సమయంలో మొదటి బంతినే 80 గజాల టచ్‌డౌన్‌గా మార్చి డెన్వర్‌ను గెలిపించాడు. కానీ చేతిని బాగా కిందికి దించి, చుట్టు తిప్పి విసిరే అలవాటు కూడా వెంట వచ్చింది. కాలేజీలో ఆ అర క్షణం ఆలస్యాన్ని ఎవరూ శిక్షించలేదు, లీగులో శిక్షించారు. దాన్ని మార్చుకోవాలని చాలా పాటుపడ్డాడు. ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అన్న సామెత మోచేతికి కూడా వర్తిస్తుందని అప్పుడే తెలిసింది నాకు. మూడు నెలలు తిరగకముందే డెన్వర్ పేటన్ మ్యానింగ్‌ను తెచ్చుకుని టీబోను పంపేసింది.

కనుక ఒక కాలేజీ క్వార్టర్‌బ్యాక్ రాణిస్తాడా అని నన్నడిగితే, అతను ఎన్ని ఆటలు గెలిచాడో అడగను. కాపు కాసేవాళ్ల గోడ కూలి, చూసుకున్న మొదటి మనిషి దొరకనప్పుడు రెండో మనిషి, మూడో మనిషి వైపు చూపు తిప్పాడా, లేక పరుగు లంకించుకున్నాడా అని అడుగుతాను. మీ ఆర్చ్ విషయంలో చూడవలసింది కూడా అదే. 2025 ఆగస్టులో దేశంలో మొదటి స్థానంలో నిలబెట్టిన జట్టుకు నాయకుడై వెళ్లి ఒహాయో స్టేట్ చేతిలో 14-7తో ఓడిన ఆ సీజన్ మొదటి ఆట, అతను సులువుగా గెలిచిన ఆటల కంటే ఎక్కువ చెబుతుందని నేననుకుంటాను, ఎందుకంటే ఆ రోజు ఎదుట ఉన్నది ఇంచుమించు రచ్చే.

ప్రశ్న అడిగిన సభ్యురాలు

ఇద్దరికీ ధన్యవాదాలు. ఇదంతా మా వాడికి చదివి వినిపించాను. రథ్య కథ వాడికి నచ్చింది. మొత్తం విన్నాక, “తాతా, ఇద్దరు బాబాయిలూ ఎన్‌ఎఫ్‌ఎల్ క్వార్టర్‌బ్యాక్‌లే అయితే, అతనికి ఇల్లే రచ్చ కదమ్మా, ఇంకెక్కడ మొదలుపెడతాడు?” అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. ఒక్క సందేహం మాత్రం మిగిలింది: హామీ ఇవ్వకుండా, అలాగని నీళ్లు చల్లకుండా, ఈ సామెతను అతని మీద ఎలా అనాలి?

మొదటి జవాబు రాసినవారు

‘ఇంట గెలిచాడు, రచ్చ గెలుస్తాడేమో’ అనండి. ఆ ‘ఏమో’ను కొంచెం సాగదీసి పలకండి, ఆశ ఎంతో అనుమానం ఎంతో వినేవారే తేల్చుకుంటారు.